స్థలం ఖాళీగా ఉన్నప్పుడే పిలవండి

(ఇల్లు కట్టుకోబోయేవాళ్ళ కోసం విజయవాడలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఏర్పాటు చేసిన సభలో, నగరంలో ప్రాక్టీసు చేస్తున్న ఒక ఆర్కిటెక్ట్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల కింద అన్నీ నిండిపోయాయి గానీ, ఆ కుడిపక్క గోడవార ఒక్కరూ కూర్చోలేదు. ఎందుకు? అది పడమటి గోడ. సాయంత్రం ఆరవుతోంది, ఒక్కసారి దాని మీద చెయ్యి పెట్టి చూడండి. బాబూ, నువ్వు పెట్టు. ఎలా ఉంది? కాలుతోందా? సరే, సగం ఉపన్యాసం అక్కడే అయిపోయింది.

నన్ను "నేటి ఆర్కిటెక్చర్" మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు అమరావతి బొమ్మలు గుర్తొస్తాయి, దుబాయ్ గుర్తొస్తుంది, బందరు రోడ్డు మీద అద్దాల షోరూములు గుర్తొస్తాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు ఒక సంగతి. మా ఆఫీసుకు జనం ఎప్పుడొస్తారో తెలుసా? స్థలం కొన్నప్పుడు రారు. సిద్ధాంతి గారు ప్లాను గీశాక, మేస్త్రీ ముగ్గు పోశాక, పిల్లర్లు లేచాక వస్తారు. ఒక్కోసారి శ్లాబు కూడా పడ్డాక వస్తారు. వచ్చి, ఫోను తీసి ఓ ఫోటో చూపిస్తారు. "మేడమ్, అంతా అయిపోయింది, ఎలివేషన్ ఒక్కటి ఇచ్చెయ్యండి చాలు."

ఎలివేషన్ అంటే ఇంటి ముందువైపు ఎలా కనబడాలో గీసే బొమ్మ. అంతా అయిపోయిందట! అయిపోయినదేమిటో నేను చెప్తాను. ఇంట్లోకి గాలి ఎటునుంచి రావాలన్నది అయిపోయింది. పడకగది ఎంత కాగుతుందన్నది అయిపోయింది. వరదొస్తే నీళ్ళు ఏ మెట్టు దాకా ఎక్కుతాయన్నది అయిపోయింది. ఇక నా చేతిలో మిగిలింది మొహానికి పౌడరు. పౌడరు కూడా రాస్తాను, ఆ పనికీ డబ్బులొస్తాయి, అబద్ధం చెప్పను. కానీ పైసా ఖర్చు లేని నిర్ణయాలన్నీ ఖాళీ స్థలం మీదే జరిగిపోతాయి. వాటిని తర్వాత సరిచెయ్యాలంటే ఏసీలు, ఫాల్స్ సీలింగులు, కరెంటు బిల్లులు. ఈరోజు నేను చెప్పబోయేది ఈ ఒక్క మాటే. నాలుగు రకాలుగా చెప్తాను, విసుగొస్తే చెప్పండి.

ముందు ఎండ. బెజవాడవాళ్ళకి ఎండ గురించి చెప్పడమేమిటి అనుకోకండి. ఎండ మనకు తెలుసు, సూర్యుడు ఎక్కడుంటాడో తెలీదు. మే నెలాఖరులో మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు ఎక్కడుంటాడు? నడినెత్తిన. మంచిది. కొంచెం ఏ వైపుకు వాలి ఉంటాడు? దక్షిణం అంటున్నారు. అందరూ దక్షిణమే అంటారు. ఉత్తరం అండీ. మన ఊరు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటివారంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికొస్తాడు, ఆ రోజు మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అక్కణ్ణించి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే. రోళ్ళు పగిలే రోహిణి కార్తె సరిగ్గా ఈ మధ్యలోనే వస్తుంది. పొద్దున్నే ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి ఉత్తరపు గోడకు ఎండ తగులుతూనే ఉంటుంది. "ఉత్తరం చల్లన" అని ఆ వైపు కిటికీలకు సన్‌షేడే వెయ్యని ఇళ్ళు ఈ కాలనీలోనే ఉన్నాయి. వస్తూ వస్తూ చూశాను, ఎవరివో చెప్పను.

నిజానికి మనకు సులువైన వైపు దక్షిణం. దక్షిణపు ఎండ ఎత్తునుంచి పడుతుంది కాబట్టి, మార్చి నుంచి సెప్టెంబరు దాకా రెండడుగుల సన్‌షేడ్ ఉంటే కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. పడమటి ఎండ అలా వినదు. నాలుగున్నరకు అడ్డంగా, కళ్ళలోకి వస్తుంది. రెండడుగులు కాదు, నాలుగడుగుల సన్‌షేడ్ వేసినా దాని కిందనుంచి లోపలికి దూరుతుంది. దానికి నిలువు పలకలు కావాలి, లేదా కన్నాలు కన్నాలుగా కట్టిన జాలీ గోడ కావాలి, లేదా చెట్టు కావాలి. ఏదీ కుదరకపోతే అటువైపు కిటికీ చిన్నదైనా చేసుకోవాలి. మరి మన షోరూములేం చేస్తున్నాయి? పడమటి మొహానికి కింది నుంచి పైదాకా అద్దం. అద్దం వెనక తెరలు. తెరల వెనక ఏసీలు. ఆ ఏసీల వేడి మళ్ళీ రోడ్డు మీదికి. రోడ్డు మీద నడిచేదెవరు?

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. వాస్తు. నవ్వుతున్నారు! నేను సిద్ధాంతి గార్లతో గొడవ పెట్టుకోను. పెట్టుకుంటే ఈ ఊళ్ళో ప్రాక్టీసు సాగదు, అది వేరే సంగతి. చాలాసార్లు గొడవ అవసరం కూడా రాదు. ఒక ఇల్లు చెప్తాను. పోరంకి వైపు రెండొందల గజాల స్థలం, ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు, పడమటి రోడ్డు. భార్యాభర్తలు, పిల్లలు, ఒక అత్తగారు. నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్ అన్నారు సిద్ధాంతి గారు. అది మారదు. నైరుతి గది అంటే ఏమిటి? ఇటు దక్షిణం, అటు పడమర, రెండు గోడలూ ఎండకే. మధ్యాహ్నం కాగిన ఇటుక గోడ ఆ వేడిని గంటల తరబడి పట్టుకుని ఉండి, మనం దిండు మీద తల పెట్టే వేళకు గదిలోకి వదులుతుంది. ఇంటి యజమాని పడుకునేది ఆ గదిలో!

ఏం చేశాం? పడమటి గోడ పొడవునా రెండడుగుల లోతు వార్డ్‌రోబులు పెట్టేశాం. గోడకూ మంచానికీ మధ్య బట్టలు, బీరువాలు, దుప్పట్లు. వేడి అక్కడే ఆగిపోతుంది. సిద్ధాంతి గారికి చూపించి, "నైరుతిలో బరువు ఉండాలంటారు కదండీ, ఇంట్లో ఉన్న బరువంతా అక్కడే పెట్టాం" అన్నాను. ఆయన ఎంత సంతోషించారో! కిటికీని దక్షిణానికి తిప్పాం. అప్పుడు ఆ అత్తగారు అడిగారు, "కిటికీ పెట్టావు బాగానే ఉందమ్మా, మరి లోపలికొచ్చిన గాలి ఎటు పోతుంది?" అని. నలభై షీట్ల డ్రాయింగులు చూసినవాళ్ళు కూడా అడగని ప్రశ్న. వేసవి సాయంత్రాలు మనకు పైరగాలి దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి వస్తుంది. పోయే దారి చూపించకపోతే అది గదిలోకే రాదు. అందుకని ఎదురుగోడలో తలుపు పైన గవాక్షం పెట్టాం, మెట్ల గది పైకప్పు దగ్గర నాలుగువైపులా జాలీలు పెట్టాం. వేడిగాలి పైకెక్కి అటు పోతుంది.

ఇంతా చేశాక ఆ భర్త గారికి ఒక బెంగ పట్టుకుంది. "మేడమ్, రోడ్డు వైపు మాస్టర్ బెడ్‌రూమ్‌కి కిటికీ లేకపోతే ఎలివేషన్ బోడిగా ఉంటుందేమో?" చూశారా, మళ్ళీ ఎలివేషన్! ఆ గోడను మేస్త్రీ చేత ఇటుకలు ఒకటి లోపలికి, ఒకటి బయటికి పేర్పించాం. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ ఇటుకల నీడలే డిజైను. పైగా పొడుచుకొచ్చిన ఇటుక పక్క ఇటుక మీద నీడ వేస్తుంది. మేస్త్రీ మొదట్లో సణిగాడు, "తూకం వేసి సాఫీగా కట్టడం నేర్చుకోడానికి పదేళ్ళు పట్టింది, ఇప్పుడు వంకరగా కట్టమంటారేంటి మేడమ్" అని. ఇప్పుడు కొత్త పార్టీలకు ఆ ఇల్లే చూపిస్తున్నాడు, నా పేరు చెప్పకుండా.

కిటికీల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. పాత చెక్క కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే మొత్తం తెరుచుకునేది. ఇప్పుడందరూ వేసేది జరిపే యూపీవీసీ కిటికీ, అంటే ప్లాస్టిక్ ఫ్రేముది. నాలుగడుగుల కిటికీ కొంటారు, తెరుచుకునేది రెండడుగులే. దాని పైన ఫాల్స్ సీలింగు, ఉన్న వెంటిలేటరు కాస్తా మూసుకుపోయింది. గాలి రావట్లేదని మళ్ళీ మమ్మల్నే అడుగుతారు.

రెండోది నీళ్ళు. 2024 సెప్టెంబరు గురించి ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకవైపు ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ, ఇంకోవైపు కట్టలు తెంచుకున్న బుడమేరు. సింగ్‌నగర్‌లో నీళ్ళు తీశాక కొన్ని అపార్టుమెంట్లు చూడ్డానికి వెళ్ళాను. ఒకచోట స్టిల్ట్ పార్కింగులో, అంటే పిల్లర్ల మధ్య బండ్లు పెట్టుకునే కింది అంతస్తులో, గోడ మీద బురద గీత ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. కరెంటు మీటర్లన్నీ ఆ గీతకు మూరెడు కింద. నీటి సంపు మూత నేలకు సమంగా ఉంది, మురుగంతా తాగే నీళ్ళలో కలిసిపోయింది. పై అంతస్తుల్లో ఇళ్ళన్నీ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. కానీ కరెంటు లేదు, నీళ్ళు లేవు, లిఫ్టు లేదు. మూడో అంతస్తులో డయాలసిస్ చేయించుకునే ఒక పెద్దాయన. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీంచి దించారట.

మీటర్లు ఆరడుగుల ఎత్తున, మెట్ల మలుపు మీద పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? కాస్త వైరు. డిపార్టుమెంటువాళ్ళు రీడింగు తీసుకునే వీలుండాలి, అది చూసుకుంటే చాలు. సంపు చుట్టూ రెండున్నర అడుగుల పిట్టగోడ కట్టి పైన మూత పెట్టడానికి ఎన్ని ఇటుకలు? ఇవి ఏ ఎలివేషన్ ఫోటోలోనూ కనబడవు. ఇంకొకటి, ఇల్లు ఎత్తు ఎంతుండాలని అడిగితే "రోడ్డు కన్నా మూడడుగులు" అంటారు. ఏ రోడ్డు? ఈరోజు రోడ్డా, పదేళ్ళ తర్వాతి రోడ్డా? పాత రోడ్డు తవ్వకుండా మీదే కొత్త లేయరు వేస్తూ పోతుంటే, గేటు దగ్గర దిగి లోపలికెళ్ళే ఇళ్ళు పటమటలో ఎన్ని లేవు! కాబట్టి చుట్టుపక్కల పాతవాళ్ళను అడగండి, ఇక్కడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, రోడ్డు ఎంత లేచింది అని. మా విద్యార్థులకు మొదటి సైట్ విజిట్‌లో నేను చేయించే పని ఇదే. స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ నుంచి వచ్చిన పిల్లలు వెనక కూర్చున్నారు, మీకూ చెప్తున్నాను, టేపు బయటికి తీసే ముందు ఎదురింటి బామ్మ గారితో మాట్లాడండి.

మూడోది నేల. గుంటూరు వైపు, అమరావతి వైపు స్థలాలు కొంటున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడ చాలాచోట్ల నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. మామూలు పునాది వేస్తే ఇల్లు కూడా దాంతోపాటు లేచి కూర్చుంటుంది. గోడ మూలల్లో, కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్ళు వస్తాయి. ఎన్నిసార్లు లప్పం పెట్టినా మళ్ళీ వస్తాయి. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్. తడి, పొడి మారని లోతుకు గుంత దించి, అడుగున గడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన మట్టి ఎంత ఆడినా కింద పట్టు కదలదు. అందరికీ ఇదే కావాలని కాదు. మీకు ఏం కావాలో చెప్పేది సాయిల్ టెస్టు. పక్కింటాయన వేసిన పునాదే మనం వేద్దామంటే, పక్కింటాయన కూడా తన పక్కింటాయన్ని చూసి వేశాడేమో?

స్టిల్ట్ గురించి కూడా చెప్పాలి. కింద అంతా పార్కింగు, పిల్లర్లు తప్ప గోడల్లేవు. పైన అయిదంతస్తులు గోడలతో బిగిసి ఉంటాయి. భూమి అటూ ఇటూ ఊగితే మొత్తం ఊపు ఆ కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు, రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్టుమెంట్లు కూలాయి. విజయవాడను భూకంప జోన్ మూడులో, అంటే ఒక మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతంగా, లెక్కవేస్తూ వచ్చారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత ఆ కింది అంతస్తు విడిగా లెక్క కట్టించారా అని బిల్డరును అడగండి. టైల్సు ఏ కంపెనీవి అని అడుగుతాం కదా, దాంతోపాటు ఇదీ అడగండి.

సరే, నాలుగోది, పెద్ద బిల్డింగుల దగ్గరికి వద్దాం, లేకపోతే పిల్లలు నొచ్చుకుంటారు. అమరావతి ప్రభుత్వ భవనాలకు అంతర్జాతీయ పోటీ పెట్టినప్పుడు జపాన్ నుంచి ఫుమిహికో మాకి సంస్థ, లండన్ నుంచి రిచర్డ్ రోజర్స్ సంస్థ, అహ్మదాబాద్ నుంచి బాలకృష్ణ దోషి గారి సంస్థ బరిలో ఉన్నాయి. 2016లో మాకి సంస్థను ఎంపిక చేశారు. బొమ్మలు బయటికొచ్చాయి. ఊరంతా ఒకటే గోల, ఫ్యాక్టరీ గొట్టాల్లా ఉన్నాయని. చివరికి వాటిని పక్కనపెట్టారు, నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. టీకొట్ల దగ్గర మనం మాట్లాడుకున్నదంతా ఏమిటి? అది గొట్టంలా ఉందా, ఇది సూదిలా ఉందా అని. రాష్ట్రం మొత్తం కలిసి ఎలివేషన్ అడిగింది!

ఫోస్టర్ వాళ్ళ హైకోర్టు డిజైను చూడండి. మెట్లు మెట్లుగా ఉన్న కప్పు స్తూపాన్ని తలపిస్తుందని అందరూ చెప్పుకున్నారు. దాని కింద లోతైన చూర్లు ఉన్నాయి, నీడకూ గాలికీ పనికొచ్చేవి. దాని గురించి ఎవరన్నా మాట్లాడారా? చూరు మన పెంకుటిళ్ళకు కొత్తదా? అలాగే ఆ ప్రాంతం మొత్తానికి అసలు సమస్య వానకు పొంగే కొండవీటి వాగు. ఆ నీళ్ళు కృష్ణలోకి తోడడానికి ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పెట్టారు, 2018లో. రాజధాని భవనాలు పొడిగా నిలబడేది ఆ పంపుల మీద. నా దృష్టిలో అదీ ఆర్కిటెక్చరే. మావాళ్ళు కొందరు ఒప్పుకోరు.

దోషి గారి పేరు చెప్పాను. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఆయన, ఆర్కిటెక్టులకిచ్చే ఆ పెద్ద బహుమతి వచ్చిన మొదటి భారతీయుడు. అహ్మదాబాద్‌లో ఆయన ఆఫీసు సంగాత్ చూసే అవకాశం వస్తే వదలకండి. వంపు కప్పుల మీద తెల్ల పింగాణీ ముక్కలు అతికించి ఉంటాయి. ఎండ తగిలి వెనక్కి పోతుంది. మన డాబాల మీద కూడా తెల్ల టైలు ముక్కలు వేయించుకున్నవాళ్ళున్నారు కదా, వాళ్ళనడగండి పై అంతస్తులో తేడా తెలుస్తోందా లేదా అని. అదీ వద్దనుకుంటే తెల్ల కూల్ పెయింటు. ఇండోర్‌లో అరణ్య కాలనీ కూడా ఆయనదే. అక్కడ చాలా కుటుంబాలకు ఆయన ఇచ్చింది పూర్తి ఇల్లు కాదు, పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి. మిగతాది ఎవరి స్తోమత కొద్దీ వాళ్ళు కట్టుకున్నారు.

చార్లెస్ కొరియా మనవాడే అనుకోవచ్చు, సికింద్రాబాద్‌లో 1930లో పుట్టారు. 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో ఆయన ట్యూబ్ హౌస్ అని ఒక చవక ఇల్లు కట్టారు. సన్నటి పొడవాటి ఇల్లు, ఏటవాలు కప్పు. వేడిగాలి ఆ వాలు వెంబడి పైకెక్కి కప్పు మధ్యలో ఉన్న సందులోంచి బయటికి పోయేది. ఇందాక నేను చెప్పిన మెట్ల గది జాలీలకు మూలం అదే. రెండొందల గజాల్లో మండువా లోగిలి కట్టమని నన్ను అడగకండి, మండువాకు స్థలం కావాలి. వేడిగాలిని పైనుంచి బయటికి పంపే ఆ మండువా పని మాత్రం మెట్ల గది చెయ్యగలదు.

ఇక ఆర్కిటెక్టును పెట్టుకోవడం గురించి. నిర్వాహకులు ఇది తప్పకుండా చెప్పమన్నారు. ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. అయిదేళ్ళ కోర్సు చదివాక ఇస్తారు. నంబరు సీఏ అని మొదలవుతుంది, తర్వాత నమోదైన సంవత్సరం ఉంటుంది. అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అయితే 2020లో సుప్రీంకోర్టు ఒక స్పష్టత ఇచ్చింది. ఆ పేరు వాడుకోవడానికే నమోదు కావాలి గానీ, డిజైన్ చెయ్యకుండా మిగతావాళ్ళను ఈ చట్టం ఆపదు అని. కాబట్టి బోర్డు మీద "డిజైనర్" అని ఉన్నవాళ్ళందరూ తప్పు చేస్తున్నట్టు కాదు, మంచి పని చేసేవాళ్ళూ ఉన్నారు. ఎవరి దగ్గరికెళ్ళినా ఒకటే చూడండి. త్రీడీ బొమ్మతో ఆపేస్తున్నారా, లేక వర్కింగ్ డ్రాయింగులు ఇస్తున్నారా? త్రీడీ బొమ్మ చూసి మేస్త్రీ ఇల్లు కట్టలేడు. కిటికీ గోడలో ఎక్కడ కూర్చుంటుంది, సన్‌షేడ్ కింద నీళ్ళు గోడ మీదికి కారకుండా గాడి ఎక్కడుంది, బాత్రూమ్ వాలు ఎటు, స్విచ్‌బోర్డు తలుపు వెనక పడుతోందా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సైటుకు ఎన్నిసార్లు వస్తారన్నది ముందే రాయించుకోండి. మాలో కొందరు రారు. డబ్బులు తీసుకుని రారు. ఇది నేనే చెప్తున్నాను.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి. ఆ నీలం చొక్కా ఆయన.

(డాబా మీద ఇంకో అంతస్తు వెయ్యవచ్చా అని ఒకరు అడిగారు.)

ఎన్నేళ్ళ కిందట కట్టారండీ? పద్ధెనిమిదేళ్ళు. పిల్లర్ల ఊచలు పైకి వదిలేశారా? వదిలేశారు. మన ఊళ్ళో ప్రతి డాబా మీదా ఉంటాయవి, ఎప్పటికైనా పైన వేద్దామని. కవరు కూడా లేకుండా వానకు వదిలేశారా? మరి తుప్పు ఎంతదాకా దిగిందో చూడాలి. పైకి కనబడే ముక్క కోసేసి కొత్త ఊచ కలపడం పెద్ద పని కాదు. కాంక్రీటు లోపలికి దిగితే మాత్రం సంగతి వేరు. అసలు పునాది జీ ప్లస్ టూకి, అంటే కింది అంతస్తు మీద ఇంకో రెండింటికి వేశారా, జీ ప్లస్ వన్‌కి వేశారా? మేస్త్రీ రెండంతస్తులకు సరిపోతుందన్నాడా? మేస్త్రీ అన్నమాట మీద నేను ఇక్కడ నిలబడి సరేననలేనండి. పాత డ్రాయింగులుంటే వెతికి తీసుకురండి. లేకపోతే ఒక పిల్లరు పక్కన గుంత తవ్వించి ఫుటింగు, అంటే పిల్లరు కింది పునాది దిమ్మ, సైజు కొలిపించండి. అది తెలిశాక స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్దాం, నేను కూడా వస్తాను. ఈలోపు ఇటుకలు మాత్రం దింపించకండి.